సౌందర్య చికిత్స: వైద్యుని యోగ్యతను పరిశీలించుట

నెల్లూరు సముద్రతీరమున ఇందుకూరుపేట, మైపాడు ప్రాంతములలో రొయ్యలు పెంచు రైతు, పిల్లను చెరువులో వదలుటకు ముందు దానిని పరీక్షకు పంపును. తెల్లమచ్చ తెగులు లేదని పి.సి.ఆర్. పరీక్షలో తేలిన పిదపనే బేరము కుదుర్చుకొనును. అమ్మువాడు ఎంతటి పరిచితుడైనను ఆ కాగితము అడుగుటకు మొగమాటపడడు. అడిగినందుకు అమ్మువాడును నొచ్చుకొనడు. వరి విత్తనము కొనునప్పుడు సంచి మీది చీటీ చదువుదుము. పిల్లను ఇచ్చునప్పుడు అటు ఏడు తరములు, ఇటు ఏడు తరములు విచారింతుము. ఇంతటి విచారణకు అలవాటుపడిన మనము, మన ముఖము మీదనో మన బిడ్డ శరీరము మీదనో కత్తి పెట్టు మనిషి విషయమున మాత్రము, ద్వారము మీది పలకను చూచి తృప్తిపడుచున్నాము. ఆ పలక వెనుక నున్న యోగ్యతను గృహస్థులు స్వయముగా పరిశీలించుట ఎట్లో నేటి ప్రసంగమున ముచ్చటింతము.

అందచందముల కొఱకు వైద్యుని యొద్దకు పోవువారందఱు షోకుకొఱకే పోవుదురనుకొనుట అన్యాయము. గ్రహణమొర్రితో పుట్టిన శిశువు ఉన్నాడు. పొయ్యి మంట అంటుకొని మెడ చర్మము ముడుచుకొనిపోయిన ఇల్లాలు ఉన్నది. ఇరువదియైదేండ్లకే తల పలుచబడి పెండ్లిచూపులకు కూర్చుండ వెనుదీయు యువకుడు ఉన్నాడు. ముక్కును గూర్చి చుట్టములు చిన్ననాటినుండి ఆడిన మాటలు మనసున నాటుకొన్న యువతి ఉన్నది. వీరిలో ఎవరి బాధయు నవ్వదగినది కాదు.

అయితే ఈ చికిత్సలు రెండు తెగలు. పుట్టుకలోనో ప్రమాదములోనో చెడిన అవయవమును బాగుచేయుట మొదటిది. దీనిని పునర్నిర్మాణ శస్త్రచికిత్స యందురు. గ్రహణమొర్రి, కాలిన గాయములవలన ఏర్పడిన చర్మపు ముడుతలు ఈ తెగలోనివి. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ పథకమున చేరిన ఆసుపత్రులలో అర్హతగల కుటుంబములకు ఇట్టి చికిత్సలు లభించును. ఆరోగ్యముగా నున్న శరీరమునే ఆకారముకొఱకు మార్చుట రెండవ తెగ. ముక్కు తీర్చుట, పొట్టమీది కొవ్వు తీయుట, తలకు వెండ్రుకలు నాటుట, ముఖమునకు సూదులు వేయుట మున్నగునవి దీనిలో చేరును. దీనికి ప్రభుత్వ పథకము లేదు. ఖర్చు మనదే, పర్యవేక్షణ బాధ్యతయు చాలవఱకు మనదే.

ఈ రెండవ తెగలో ఒక సౌకర్యము కలదు. పాము కరచినవానిని మోసికొనిపోవునప్పుడు వైద్యుని పట్టా చూచుటకు వ్యవధి యుండదు. దగ్గరనున్న వైద్యుడే దేవుడు. ముక్కు తీర్చుకొనుటకు అట్టి తొందర లేదు. వారము ఆగినను, నెల ఆగినను వచ్చు నష్టమేమియు లేదు. విచారించుటకు కావలసినంత వ్యవధి యున్న చికిత్స ఇది. ఆ వ్యవధిని మనము వాడుకొనకపోవుటయే విచారకరము.

ముక్కును తిరిగి నిర్మించు విద్య మన దేశమునకు క్రొత్తది కాదు. సుశ్రుత సంహితయందు చెంప చర్మమును తీసి తెగిన ముక్కును కుదుర్చు విధానము చెప్పబడినది. 1794 అక్టోబరులో లండను నగరపు జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ అను పత్రికలో ఒక లేఖ వెలువడెను. టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధమున ఆంగ్ల సైన్యమునకు బండి తోలిన కావస్‌జీ అను నతడు శత్రువులకు చిక్కి ముక్కును, ఒక చేతిని కోల్పోయెను. పూనా సమీపమున ఇటుకలు చేయు వృత్తివాడొకడు అతని నుదుటి చర్మమును మలచి ముక్కు నిర్మించిన వైనము ఆ లేఖలో సచిత్రముగా వర్ణింపబడినది. దానివలన ప్రేరితుడై జోసెఫ్ కార్ప్యూ అను ఆంగ్ల శస్త్రవైద్యుడు 1814లో ఆ పద్ధతిని అవలంబించి, 1816లో గ్రంథముగా ప్రకటించెను. నేటి ప్లాస్టిక్ సర్జరీ చరిత్రకారులందఱు ఈ ఘట్టమును స్మరింతురు.

ఆ ఇటుకలవానికి పట్టా ఎక్కడిదని శ్రోతలు అడుగవచ్చును. అతడు కుదిర్చిన ముక్కులే అతని పట్టా. చిన్న సమాజములో పనివాని పనితనము పదిమంది కండ్లయెదుట నుండును. చెడగొట్టినవాడు ఆ ఊరిలో రెండవమారు తలయెత్తలేడు. నేడు ఆ సౌకర్యము పోయినది. ఇందుకూరుపేటనుండి బయలుదేరిన కుటుంబము నెల్లూరు పొగతోట వీధులలోనో, చెన్నైలోనో, హైదరాబాదులోనో ఎన్నడును చూడని వైద్యుని యెదుట కూర్చుండును. అతడు మునుపు చికిత్స చేసినవారిని మనము ఎఱుగము. ఎఱిగినను, సౌందర్య చికిత్స చేయించుకొన్న సంగతి వారు చెప్పుకొనరు. ఊరివారి సాక్ష్యము కఱవైన ఈ చోటనే చట్టము మఱొక సాక్ష్యమును ఏర్పఱచినది. అదియే వైద్య మండలి రిజిస్టరు.

ఆ సాక్ష్యమును అడుగకపోయిన ఏమి జరుగునో తెలుపు సంఘటన 2016 మే నెలలో చెన్నైలో జరిగినది. మద్రాసు వైద్య కళాశాలలో తుదియేడు చదువుచున్న 22 ఏండ్ల విద్యార్థి యొకడు తలకు వెండ్రుకలు నాటించుకొనుటకు ఒక కేంద్రమునకు పోయెను. చికిత్స నడుచుచుండగా అస్వస్థుడై, రెండు దినములలో మరణించెను. ఆ కేంద్రమునకు ఉన్నది క్షౌరశాల అనుమతి మాత్రమేయని పిదప బయటపడినది. చికిత్సలో పాల్గొన్న ఇద్దఱు వైద్యులపై తమిళనాడు వైద్య మండలి చర్య తీసికొనెను. మరణించినవాడు వైద్యము చదువుచున్నవాడు. పట్టాల తారతమ్యములు తెలిసినవాడు. అట్టివానికే వెండ్రుకలు నాటుట శస్త్రచికిత్సగా గాక అలంకారముగా కనబడినదన్నచో, సామాన్య గృహస్థులు మోసపోవుటలో వింత యేమున్నది?

కనుక మొదట పలక మీది అక్షరములను చదువుట నేర్చుకొందము. ఎం.బి.బి.ఎస్. అనునది వైద్యమునకు పునాది. నాలుగున్నర యేండ్ల చదువు, ఒక యేడాది ఆసుపత్రి అభ్యాసము దీనిలో చేరియున్నవి. సామాన్య శస్త్రచికిత్సలో ఎం.ఎస్. పట్టా పొందుటకు మఱి మూడేండ్లు. అటుపై ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. పట్టాకు మఱి మూడేండ్లు. జాతీయ పరీక్షా మండలి యిచ్చు డి.ఎన్.బి., డి.ఆర్.ఎన్.బి. పట్టాలును ఇట్టివే. ముక్కు తీర్చుట, కొవ్వు తీయుట, కడుపు చర్మము బిగించుట వంటి పెద్ద చికిత్సలకు చూడవలసినది ఈ ప్లాస్టిక్ సర్జరీ పట్టాయే. చర్మవైద్యమున ఎం.డి. లేక డి.ఎన్.బి. పొందినవారు మూడేండ్లు చర్మము, కేశములు, గోళ్ల వ్యాధులలో శిక్షణ పొందినవారు.

దంతవైద్యుల మార్గము వేరు. బి.డి.ఎస్. పునాది పట్టా, నోరు, దవడ, ముఖ శస్త్రచికిత్సలో ఎం.డి.ఎస్. పొందినవారు దవడ యెముకలకును, గ్రహణమొర్రికిని శస్త్రచికిత్సలు చేయుదురు. వారి నమోదు దంతవైద్య మండలిలో నుండును. ఆయుర్వేద, హోమియోపతి వైద్యుల పట్టాలును, మండలులును వేరు. ఒక పద్ధతిలో నమోదైనవాడు, తాను చదువని మఱొక పద్ధతిలో చికిత్స చేయుట తప్పని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పియున్నది. ఎదుట కూర్చున్నవారు గౌరవనీయులా కారా యన్నది ప్రశ్న కాదు. ఈ పనికి చదివినవారా కారా యన్నదియే ప్రశ్న.

పేరు చివర వరుసగా అక్షరములు కనబడినంతనే మురియరాదు. ఫెలోషిప్, డిప్లొమా, సర్టిఫికెట్ అను మాటలతో కూడిన బిరుదులు కొన్ని రెండు మూడు దినముల శిక్షణతోను లభించును. సంఘములలో సభ్యత్వమును అట్టిదే. ప్లాస్టిక్ సర్జనుల అఖిలభారత సంఘము 1957లో ఏర్పడిన గౌరవప్రదమైన సంస్థ. దానిలో సభ్యుడగుట మంచి గుర్తు. కాని సభ్యత్వము పట్టాకు బదులు కాజాలదు. "సౌందర్య శస్త్రవైద్యుడు", "కాస్మెటిక్ నిపుణుడు" అను మాటలు పలక మీద ఎవరైన వ్రాసికొనవచ్చును. వాని వెనుక ఏ విశ్వవిద్యాలయపు పట్టా యున్నదో అడుగవలెను. ఒక శాఖలో ప్రత్యేక పట్టా లేనివాడు ఆ శాఖా నిపుణుడనని చెప్పుకొనరాదని భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి నియమములు శాసించుచున్నవి. ఆ మండలి స్థానమున 2020 సెప్టెంబరు 25న జాతీయ వైద్య కమిషన్ ఏర్పడినను, 2023లో అది ప్రకటించిన క్రొత్త నియమములు కొలది దినములకే నిలిపివేయబడుటచే 2002 నాటి నియమములే అమలులో నున్నవి.

కేశములు నాటుట, సౌందర్య చికిత్సలు చేయుట యను పనులను గూర్చి జాతీయ వైద్య కమిషన్ 2022లో మార్గదర్శక సూత్రములు వెలువరించినది. కేశములు నాటుటకు తగిన శిక్షణ ప్లాస్టిక్ సర్జరీ, చర్మవైద్యముల ఉన్నత పట్టాల చదువులలో నున్నదని ఆ సూత్రములు పేర్కొన్నవి. శిక్షణ శిబిరములలో చూచినంతమాత్రమున, యూట్యూబులో దృశ్యములు చూచినంతమాత్రమున ఇట్టి చికిత్స మొదలుపెట్టుటకు తగిన శిక్షణ కలిగినట్లు కాదనియు స్పష్టముగా చెప్పినవి. ఇంతటి మాట అధికార పత్రములో వ్రాయవలసి వచ్చెననిన, పరిస్థితి ఎట్లున్నదో శ్రోతలే ఊహింపగలరు.

ఇక రిజిస్టరు సంగతి. జాతీయ వైద్య కమిషన్ చట్టము, 2019లోని 34వ సెక్షను ప్రకారము రాష్ట్ర రిజిస్టరులోనో జాతీయ రిజిస్టరులోనో పేరు లేనివారు వైద్యవృత్తి సాగింపరాదు. ఉల్లంఘించినవారికి ఒక సంవత్సరము వఱకు కారాగారము, ఐదు లక్షల రూపాయల వఱకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. నమోదైన వైద్యుడు తన నమోదు సంఖ్యను వైద్యశాలలోను, మందుల చీటీ మీదను, ధ్రువపత్రము మీదను, డబ్బు ముట్టినట్లిచ్చు రసీదు మీదను చూపవలెనని 2002 నియమములు చెప్పుచున్నవి. కనుక ఆ సంఖ్య అడుగుట అమర్యాద కాదు. మనము అడుగకముందే కనబడవలసినది అది.

ఆ సంఖ్య దొరకిన పిదప చేయవలసిన పని చదువుకొన్న పిల్లలున్న ఏ యింటిలోనైన పది నిమిషములలో ముగియును. జాతీయ వైద్య కమిషన్ వారి అంతర్జాల పుటలో భారతీయ వైద్య రిజిస్టరు కలదు. వైద్యుని పేరుతోనో, నమోదు సంఖ్యతోనో, రాష్ట్ర మండలి పేరుతోనో దానిలో వెదకవచ్చును, రుసుము లేదు. రాష్ట్ర మండలుల పుటలలోను ఇట్టి సౌకర్యము కలదు. అచ్చట చూడవలసినవి నాలుగు. మొదటిది పేరు. మన దేశములో ఒకే పేరుగల వైద్యులు పదిమంది యుందురు. రిజిస్టరులో తండ్రి పేరును ఉండుటచే మనిషిని గుర్తించుట సులభమగును. రెండవది నమోదైన సంవత్సరము. పట్టా పొందిన యేటితోను, మనయెదుటి మనిషి వయస్సుతోను అది పొసగుచున్నదా? మూడవది పట్టా, దానినిచ్చిన విశ్వవిద్యాలయము. పలక మీద ఎం.సిహెచ్. అని యుండి రిజిస్టరులో ఎం.బి.బి.ఎస్. మాత్రమే యున్నచో, ఉన్నత పట్టాను నమోదు చేయించినారా యని వైద్యునే అడుగవలెను. రాష్ట్ర మండలికి వ్రాసి తెలిసికొనవలెను. రిజిస్టరు పుటలు ఒక్కొకప్పుడు ఆలస్యముగా సవరింపబడును గావున, ఆ తేడా కనబడినంతనే నింద మోపరాదు. ఉత్తరమునకు జవాబు వచ్చువఱకు చికిత్సకు తేదీ మాత్రము ఖాయపఱచుకొనరాదు. నాలుగవది ఆ నమోదు నేటికిని చెల్లుచున్నదా యన్నది. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేండ్లకొకమారు నమోదును పునరుద్ధరించుకొనవలసి యున్నది. పునరుద్ధరణ పత్రము చూపుమని అడుగవచ్చును.

ఏ రాష్ట్రమున వెదకవలెనన్న సందేహమును కలుగవచ్చును. నెల్లూరులో చికిత్స చేయువారి పేరు ఆంధ్రప్రదేశ్ వైద్య మండలిలోను, చెన్నైలోనివారి పేరు తమిళనాడు వైద్య మండలిలోను సాధారణముగా నుండును. హైదరాబాదు వైద్యులలో 2014 జూన్ 2న రాష్ట్రము విడివడుటకు పూర్వము నమోదైనవారి పాత సంఖ్యలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మండలివి. తెలంగాణ మండలిలో కనబడనంతనే నకిలీ యనుకొనక రెండింటను వెదకవలెను. పిల్లలు అమెరికాలో నున్నవారికి మఱొక మాట. అచ్చటి రాష్ట్రముల వైద్య మండలులును తమ పట్టికలను ప్రజల యెదుట పెట్టియున్నవి. "బోర్డు సర్టిఫైడ్" అను మాట వినబడినప్పుడు ఏ బోర్డు అని అడుగవలెను. 1937లో ఏర్పడిన అమెరికన్ బోర్డ్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీ అచ్చట ఈ శాఖకు గుర్తింపుగల పరీక్షాసంస్థ.

వైద్యుడు ఒక్కడే చాలడు. శస్త్రచికిత్సలో ప్రాణము చాలవఱకు మత్తువైద్యుని చేతిలో నుండును. మత్తు ఇచ్చువారెవరు, వారి పట్టా యేమి, చికిత్స ముగిసి మెలకువ వచ్చువఱకు వారు అచ్చటనే యుందురా యని అడుగవలెను. "చోటు మొద్దుబాఱు సూదియే గదా" యని తేలికగా చూడరాదు. ఆ మందును మోతాదు మించిన గుండెను, మెదడును దెబ్బతీయగలదు. ప్రాణవాయువు, గుండె నిలిచినప్పుడు వాడు యంత్రము, అవసరమైన వెంటనే చేర్చుటకు అత్యవసర చికిత్సాశాల యున్నవా యని చూడవలెను. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు వైద్యశాల ప్రతిదియు 2002 నాటి ప్రైవేటు అల్లోపతి వైద్యసంస్థల నమోదు, నియంత్రణ చట్టము క్రింద నమోదు కావలెను. ఆ పత్రమును చూపుమని అడుగవచ్చును. సందేహమున్న జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయమున విచారింపవచ్చును. సౌందర్యశాల అనుమతి, వ్యాపార అనుమతి దీనికి బదులు కాజాలవు. చెన్నై విద్యార్థి పోయిన చోట ఈ యొక్క పత్రము అడిగియున్నచో సంగతి గుమ్మమునందే తేలిపోయెడిది.

మఱొక ప్రశ్న మఱవరానిది: "కత్తి పట్టువారు మీరేనా?" కొన్ని చోట్ల గోడ మీది పట్టా ఒకరిది, చేయి మఱొకరిది. సంప్రదింపునకు పెద్ద వైద్యుడు కనబడును. చికిత్సనాడు సహాయకులు పని ముగింతురు. శస్త్రచికిత్స చేయువాని పేరు సమ్మతి పత్రములో వ్రాయించుకొనవలెను. ఆ పత్రము మనకు వచ్చిన భాషలో నుండవలెను. లేదా చదివి తెలుగున వివరింపవలెను. శస్త్రచికిత్సకు ముందు వ్రాతమూలకముగా సమ్మతి తీసికొనవలెనని నియమము. ఒక పనికి ఇచ్చిన సమ్మతి మఱొక పనికి ఇచ్చినట్లు కాదని సుప్రీంకోర్టు 2008 జనవరిలో తీర్పు చెప్పినది. కనుక ఖాళీలున్న పత్రము మీద చేవ్రాలు చేయరాదు. రుసుము ముందే తెలియగోరుటకును, మన వైద్యపత్రములు అడిగిన 72 గంటలలో పొందుటకును రోగికి హక్కు కలదు. మన ముఖచిత్రమును మన అనుమతి లేక ప్రకటించుటకు వైద్యునికి హక్కు లేదు.

ప్రకటనలను గూర్చియు ఒక మాట. రోగులను ఆకర్షించుటకై వైద్యుడు ప్రకటనలు చేయరాదని 2002 నియమములు చెప్పుచున్నవి. "ఈ పండుగకు సగము ధర", "నేడే డబ్బు కట్టినచో స్నేహితురాలికి ఉచితము" అను మాటలు చీరల దుకాణమునకు తగును, శస్త్రచికిత్సకు తగవు. చికిత్సకు ముందు, తరువాత తీసిన ఛాయాచిత్రములు జత జతలుగా చూపుదురు. వెలుతురు మార్చినను, ముఖము కొంచెము త్రిప్పినను ముక్కు మారినట్లే కనబడును. ఆ చిత్రములు ఆ వైద్యుని రోగులవేనా యన్నదియు చిత్రమును చూచి తెలియదు. ఇట్టి చికిత్సలు ఎన్ని చేసినారు, చెడినవి ఎన్ని, చెడినప్పుడు ఏమి చేసినారు అని అడుగుట మేలు. "నా చేతిలో ఒకటియు చెడలేదు" అను వైద్యునికంటె, చెడు అవకాశములను నిదానముగా వివరించి, "మీకు ఈ చికిత్స అవసరము లేదు" అనగల వైద్యుడు నమ్మదగినవాడు.

ఇన్ని చెప్పియు, పట్టా యొక్కటే సర్వస్వమని మేము చెప్పుట లేదు. 2016 ఏప్రిల్ నెలలో హైదరాబాదులో ఒక యువకుడు ఎత్తు పెరుగుటకై రెండు కాళ్ల యెముకలకు శస్త్రచికిత్స చేయించుకొనెను. అతడు అప్పటికే సుమారు ఐదడుగుల ఏడంగుళముల పొడవరి. ఇంటిలో తల్లిదండ్రులకు తెలియదు. కుమారుడు కనబడుట లేదని వెదకుకొనుచు ఆసుపత్రికి చేరిరి. అచ్చట కత్తి పట్టినవాడు నకిలీ వైద్యుడు కాడు, పట్టాగల శస్త్రవైద్యుడే. అయినను తెలంగాణ వైద్య మండలి విచారించి అతని నమోదును రెండేండ్లు నిలుపుచు ఆజ్ఞ యిచ్చినది. ఈ రెండు సంఘటనలను కలిపి చూచిన ఒక సంగతి బోధపడును. చెన్నైలో అనుమతి కొఱవడినది. హైదరాబాదులో ఇంటివారితో ఆలోచన కొఱవడినది. రిజిస్టరు మొదటి లోపమును పట్టీయగలదు. రెండవదానిని పట్టవలసినది ఇల్లు.

నిజమునకు ఈ చికిత్సలలోని ప్రమాదమునకు రహస్యమే పెద్ద ద్వారము. గుండె జబ్బు వచ్చిన ఇంటిల్లిపాది కూడి, మేనమామను పిలిచి, తెలిసిన వైద్యుని అడిగి, మఱొకచోట చూపించి నిర్ణయింతురు. ముక్కు తీర్చుకొనవలెనన్న కోరిక కలిగిన పిల్ల ఎవరితోను చెప్పదు. చెప్పిన నవ్వుదురనియో కోపింతురనియో భయము. దాచిపెట్టిన సొమ్ముతో ఒంటరిగా పోవును. ఒంటరిగా పోయినవారికి ప్రశ్నలడుగు ధైర్యము తక్కువ, తొందర యెక్కువ. ఆమెను అట్లు ఒంటరిని చేసినది వైద్యుడు కాదు, మనమే. "ఈ ముక్కుకు ఏమి వచ్చినది?" అని కొట్టివేయక, "సరే, ఆ వైద్యుడెవరో కలిసి చూతము" అని తల్లి అన్నచో, ఆ పిల్ల రిజిస్టరును చూచును, రెండవ వైద్యుని అడుగును, ఒక్కొకప్పుడు తనంతట తానే మానుకొనును. వెంట ఒక మనిషి యున్న రోగిని తొందరపెట్టుట ఎవరికిని సులభము కాదు.

విచారించిన పిదప పేరు రిజిస్టరులో లేదని తేలినచో వాదులాడవలసిన పని లేదు, లేచి రావలెను. వచ్చి ఊరకుండరాదు. రాష్ట్ర వైద్య మండలికిని, జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికిని వ్రాతమూలకముగా తెలుపవలెను. మన తరువాత ఆ గుమ్మమెక్కువారికి అది మేలు. చికిత్స జరిగి హాని కలిగినచో మండలికి ఫిర్యాదు, జిల్లా వినియోగదారుల కమిషనులో దావా అను రెండు మార్గములు కలవు. రుసుము తీసికొని చేయు వైద్యము వినియోగదారుల చట్టము క్రిందికి వచ్చునని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చినది. సాధారణముగా రెండేండ్లలోపల దావా వేయవలెను. అందులకు రసీదులు, చీటీలు, సమ్మతి పత్రపు నకలు భద్రపఱచుకొనవలెను. రసీదు లేక నగదు ఇచ్చినవాని చేతిలో సాక్ష్యము మిగులదు.

తుదకు శ్రోతలు ఒక కాగితము మీద వ్రాసికొని వెంట తీసికొనిపోదగిన ప్రశ్నలు ఇవి. మీ నమోదు సంఖ్య యేమి, ఏ మండలిది? ఈ చికిత్సకు సంబంధించిన మీ పట్టా యేది, ఏ విశ్వవిద్యాలయము ఇచ్చినది? శస్త్రము పట్టువారు మీరేనా? మత్తు ఇచ్చువారెవరు? ఈ వైద్యశాల నమోదుపత్రము ఎక్కడ? కష్టము వచ్చిన మమ్ము ఏ ఆసుపత్రికి చేర్చుదురు? మొత్తము ఖర్చెంత, సమ్మతి పత్రపు నకలు ఎప్పుడిత్తురు? ఏడు ప్రశ్నలు. చదువుకొన్న వైద్యునికి వీనికి జవాబు చెప్పుటకు ఐదు నిమిషములు చాలును. చెప్పుటలో అతనికి గౌరవమే కాని లోటు లేదు. రొయ్యపిల్లను అమ్ము వర్తకుడు కాగితము చూపునట్లు అతడును చూపును. చూపుటకు వెనుదీసినచో, ఇంటికి తిరిగి వచ్చుటకు ఇందుకూరుపేట బస్సు ఎల్లప్పుడు ఉండనే యున్నది.